పాతిక నిమిషాల దూరానికి గంటా ఇరవై

లండన్‌లోని హీత్రో విమానాశ్రయం నుంచి పారిస్‌లోని షార్ల్ ద గాల్‌కు గగనమార్గాన సుమారు 350 కిలోమీటర్లు. జెట్ విమానం పై ఎత్తుల్లో గంటకు 830 కిలోమీటర్ల దాకా పోగలదు. లెక్కగడితే పాతిక నిమిషాల దారి. టికెట్ మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలకు అటూఇటూగా రాసి ఉంటుంది. (లండన్‌లో పదింటికి బయల్దేరితే పారిస్‌లో పదకొండూ ఇరవైకి కాక పన్నెండూ ఇరవైకి దిగినట్టు కనిపించడం వేరే సంగతి, పారిస్ గడియారం ఓ గంట ముందుంటుంది.) మిగతా గంట సేపూ ఏమైనట్టు? దగ్గరి ప్రయాణాల్లో కాలాన్ని మింగేది చాలావరకు నేలా, దాన్ని అంటిపెట్టుకున్న ఆకాశమూ.

విమానం ఆగిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతల మళ్లీ నిలిచేదాకా పట్టేది టికెట్ మీది సమయం. రన్‌వే దాకా పాకుతూ వెళ్లడం, వంతు కోసం ఆగడం అందులోవే. హీత్రోకు ఉన్నవి రెండే రన్‌వేలు. ఏడాదికి 4,80,000 రాకపోకల పరిమితికి అంచున నడుస్తుంది. పైగా విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. అక్కడ వీచేది ఎక్కువగా పడమటి గాలి, పారిస్ ఉన్నదేమో ఆగ్నేయాన. అందుకని చాలా రోజుల్లో విమానం పారిస్‌కు వీపు పెట్టి లేచి, తర్వాత చుట్టు తిరుగుతుంది. అవతలా అదే తంతు: దిగాల్సిన చోటును దాటి తూర్పుకు పోయి, పడమరకు మళ్లి దిగాలి. 10,000 అడుగుల లోపు గంటకు దాదాపు 460 కిలోమీటర్లు మించకూడదన్నది మామూలు నిబంధన. పూర్తి వేగం అందుకునేసరికి దిగే వేళవుతుంది. అదే లండన్ నుంచి ఏథెన్స్‌కు దూరం ఏడింతలు, సమయం మూడింతలైనా కాదు.

విమాన సంస్థలే ఆలస్యం బయటపడకుండా సమయం ఎక్కువ వేసుకుంటాయనేవారున్నారు. నిజమే, కానీ ఆ అదనపు నిమిషాలు అవసరమయ్యేది నేలమీది రద్దీని ముందే అంచనా కట్టలేకే. ఇంకా వేగమైన విమానాలొస్తే సరిపోదా అంటే, చరిత్ర ఒప్పుకోదు. 1919 ఆగస్టు 25న లండన్, పారిస్‌ల మధ్య రోజువారీ సర్వీసు మొదలైనప్పుడు ప్రయాణానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. విమాన వేగం అప్పటితో పోలిస్తే నాలుగింతలైంది, ప్రయాణకాలం సగానికే తగ్గింది. నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు రెండుంబావు గంటల్లో చేర్చే యూరోస్టార్ రైలు ఇందుకే పోటీ ఇవ్వగలుగుతోంది. ఆ రైలుకూ పాస్‌పోర్టు తనిఖీ కోసం ముందే వెళ్లాలి, అది వేరే విషయం. అయినా విమానమే మేలైనవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి హీత్రోలో దిగి పారిస్ వెళ్లే ప్రయాణికుడు రైలెక్కాలంటే బ్రిటన్‌లో అడుగుపెట్టే వీసా ఉండాలి, సామానుతో నగరం మధ్యలోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు చేరాలి. అతనికి ఆ గంటా ఇరవై నిమిషాలే చవక.