ఇరుకు గ్యారేజీలో ఎయిర్ కండిషనర్ అమరిక

వేసవికాలమున మన పెద్దలు గుమ్మములకు, కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి, వాటిపై నీరు చల్లుచుండెడివారు. ఉర్దూలో వీటినే ఖస్ కీ టట్టీ అందురు. బయటి పొడిగాలి ఆ తడిసిన వేళ్ళగుండా వచ్చునపుడు నీరు ఆవిరియై గాలిలోని వేడిని గ్రహించును, గది చల్లబడును. అయితే అదే తడకను గాలి చొరని మూలలో కట్టినచో ప్రయోజనము శూన్యము. గాలి వచ్చుటకు ఒక దారి, పోవుటకు మరియొక దారి ఉన్నప్పుడే అది పనిచేయును. నేటి ఎయిర్ కండిషనర్‌కు కూడ ఈ నియమమే వర్తించుననియు, స్థలము ఇరుకైనకొలది ఈ నియమము మరింత కఠినమగుననియు చూపుటయే ఈ వ్యాసోద్దేశము. ఇందుకు మేము ఉదాహరణగా గైకొన్నది అమెరికా గృహములలోని గ్యారేజీ.

మన యిండ్లలో కారు నిలుపు చోటు సాధారణముగా ఒకటి రెండు వైపుల తెరచియుండు షెడ్డు. అమెరికాలో అట్లు కాదు. అచ్చట గ్యారేజీ యనగా పైకప్పు, నాలుగు వైపుల మూత, పైకి లేచు పెద్ద తలుపు గల గది. అది తరచుగా ఇంటి గోడకు ఆనుకొని యుండును. ఇంటిలోనికి ఒక చిన్న తలుపు కూడ ఉండును. టెక్సాస్, ఫ్లారిడా, అరిజోనా వంటి వేడి రాష్ట్రములలో నేలమాళిగలు గల ఇండ్లు అరుదు. కావున ఇల్లంతటిని చల్లబరచు యంత్రపు లోపలి భాగమును అటకమీదనో, గ్యారేజీ మూలనో అమర్చుదురు. డల్లాస్, హ్యూస్టన్ నగరములలో స్థిరపడిన మనవారికి ఈ దృశ్యము నిత్యపరిచితము. ఒక కారుకు సరిపడు గ్యారేజీ సుమారు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉండును. అందులో కారు, వేడినీటి ట్యాంకు, విద్యుత్ పెట్టె, సామాను అరలు పోగా మిగులునది ఒక మూల మాత్రమే. ఆ మూలలో యంత్రము పట్టునా యని టేపుతో కొలుచుట అందరును చేయు పని. యంత్రముతోపాటు దాని దారులును పట్టునా యని కొలుచుట కొందరే చేయుదురు. కష్టనష్టములన్నియు ఈ రెండవ కొలత చేయకపోవుటవలననే కలుగుచున్నవి.

మొదట యంత్రము చేయు పనియేమో గ్రహింతము. ఎయిర్ కండిషనర్ చల్లదనమును పుట్టించునని పలువురి అభిప్రాయము. నిజమునకు అది వేడిని ఒక చోటినుండి మరియొక చోటికి మోయు కూలి వంటిది. దాని శక్తిని టన్నులలో చెప్పుట మంచు వాడకపు కాలమునుండి వచ్చిన ఆచారము. 1 పౌండు మంచు కరగుటకు 144 బి.టి.యు.ల వేడి కావలెను. అమెరికా కొలత ప్రకారము 1 టన్ను, అనగా 2,000 పౌండ్ల మంచు, 24 గంటలలో కరగినచో గంటకు 12,000 బి.టి.యు.ల వేడిని గ్రహించును. దీనినే 1 టన్ను శక్తి అందురు. అట్లు 3 టన్నుల యంత్రము గంటకు 36,000 బి.టి.యు.ల వేడిని ఇంటినుండి తీయును. దీనిని నడుపుటకు వ్యయమగు విద్యుత్తు సుమారు 3 కిలోవాట్లనుకొన్నచో, అదియును వేడిగా మారి మరి 10,000 బి.టి.యు.లు చేరును. కావున బయట పారవేయవలసినది గంటకు 46,000 బి.టి.యు.లు. తీసిన వేడికంటె పారవేయు వేడి ఎల్లప్పుడు అధికము.

ఇందుండి మొదటి నిర్ణయము దానంతటదియే వచ్చును. కంప్రెసర్, కండెన్సర్ గల బయటి భాగమును మూసిన గ్యారేజీలో ఉంచరాదు. 8 అడుగుల ఎత్తు గల పై గ్యారేజీలోని గాలి బరువు సుమారు 144 పౌండ్లు మాత్రమే. నిమిషమునకు 770 బి.టి.యు.ల చొప్పున వేడి చేరినచో ఆ గది స్వల్పకాలములోనే కొలిమియగును. యంత్రము తాను విడిచిన వేడిగాలినే మరల పీల్చుకొనును. ఒత్తిడి పెరిగి కంప్రెసర్ ఆగిపోవును, లేదా క్రమముగా చెడిపోవును. కావున బయటి భాగము ఆరుబయటనే ఉండవలెను. గ్యారేజీలో ఉండదగినది కాయిల్, ఫ్యాన్ గల లోపలి భాగము మాత్రమే.

ఇక గాలి దారి. ప్రతి టన్నుకు నిమిషమునకు సుమారు 400 ఘనపుటడుగుల గాలి కాయిల్‌మీదుగా ప్రవహింపవలెనని సాధారణ లెక్క. 3 టన్నులకు 1,200 ఘనపుటడుగులు కావలెను. ఆ గాలి ఫిల్టరుగుండా నిమిషమునకు 300 అడుగుల వేగముతో పోవలెనన్నచో ఫిల్టరు వైశాల్యము 4 చదరపుటడుగులు ఉండవలెను. ఇరుకు మూలలో యంత్రమును ఇమిడ్చినవారు సాధారణముగా ఈ ఫిల్టరునే కుదింతురు. వాపసు గాలి డక్టును యంత్రపు ముఖద్వారముననే నిటారుగా విరుతురు. అప్పుడు ఫ్యాన్ రొదచేయును, గాలి తగ్గును, కాయిల్‌పై మంచు గడ్డకట్టును. ఇంటివారు యంత్రము చెడినదని తలంతురు. చెడినది యంత్రము కాదు, దాని శ్వాసమార్గము.

ఈ వాపసు గాలి విషయముననే ప్రాణాపాయము కూడ దాగియున్నది. ఇంటి గదులనుండి వచ్చిన గాలియే మరల చల్లబడి గదులకు పోవలెను. వాపసు డక్టులో గాలి పీల్పు ఉండుటచేత, దానిలో చిన్న సందు ఉన్నను గ్యారేజీలోని గాలి లోనికి చొచ్చును. గ్యారేజీలో కారు ఇంజను నడచినపుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా కలియును. పిల్లలు నిద్రించు గదికి ఆ గాలిని యంత్రమే మోసికొనిపోవుట ఎంత ఘోరము! అందుచేతనే అచ్చటి గృహనిర్మాణ నియమావళి గ్యారేజీనుండి వాపసు గాలి తీయుటను నిషేధించినది. గ్యారేజీగుండా పోవు డక్టులకు అందులోనికి ఎట్టి రంధ్రమును ఉండరాదని విధించినది. ప్రతి అతుకును మాస్టిక్ అను జిగురుపూతతో మూయవలెను. ఇంటిలో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టు గంటను అమర్చుట వివేకము. ఇరుకుచోట డక్టు వెనుక భాగమునకు చేయి పోదు గదా యని పూతను మానుట క్షమింపరాని దోషము. చేయి పోని అతుకును ముందే నేలమీద పూసి, పిదప నిలబెట్టుట పనివాని నేర్పు.

మూడవది నీటి దారి. యంత్రము గాలిని చల్లబరచునపుడు అందలి తేమ నీరై కాయిల్‌మీదనుండి కారును. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమునకై రూపొందించిన పద్ధతి ఉద్దేశము కూడ కాగితమును పాడుచేయు తేమను అదుపుచేయుటయే. 3 టన్నుల యంత్రపు శక్తిలో నాలుగవ వంతు తేమ తీయుటకు వినియోగమైనచో గంటకు సుమారు 4 లీటర్ల నీరు చేరును. ఈ నీటి పైపు అడుగునకు ఎనిమిదవ వంతు అంగుళమైనను వాలుగా ఉండవలెను. పైపులో నీరు నిలుచు వంపు, అనగా ట్రాప్, ఉండవలెను. కాయిల్ తరువాత ఫ్యాన్ ఉన్న యంత్రములలో ఈ వంపు లేనిచో ఆ పైపుద్వారానే గ్యారేజీ గాలి లోనికి పీల్చబడును. చూచితిరా, నీటి దారిని అశ్రద్ధచేసిన గాలి దారి చెడును! చోటు చాలక యంత్రమును కప్పునుండి అడ్డముగా వ్రేలాడదీసినచో క్రింద రెండవ పళ్ళెము, నీరు నిండగానే యంత్రమును ఆపు తేలియాడు స్విచ్చి తప్పనిసరిగా అమర్చవలెను.

నాలుగవది మనుష్యుని దారి. యంత్రము పదునైదేండ్లు పనిచేయవలెనన్నచో ఎవరో ఒకరు దాని యెదుట నిలిచి ఫిల్టరు మార్చవలెను, కాయిల్ కడుగవలెను, ఫ్యాన్ మోటారు విప్పవలెను. ఇందుకు ముందు భాగమున సుమారు 30 అంగుళముల చోటు విడువవలెను. విద్యుత్ పెట్టె యెదుట 30 అంగుళముల వెడల్పు, 36 అంగుళముల లోతు గల చోటు ఖాళీగా ఉండవలెనని అమెరికా విద్యుత్ నియమావళి చెప్పుచున్నది. ఇరుకు గ్యారేజీలలో యంత్రమును సరిగా ఆ పెట్టె యెదుటనే నిలిపిన ఉదంతములు కొల్లలు. అగ్ని ప్రమాదమున మీట అందనిచో ఆ చల్లదనమెందుకు? కారు వెనుకకో ముందుకో జరిగి యంత్రమును గుద్దకుండ కాంక్రీటు నింపిన ఇనుప స్తంభమును పాతవలెను. గ్యాసుతో వెలుగు పరికరము కూడ ఉన్నచో దాని నిప్పు నేలనుండి 18 అంగుళముల ఎత్తున ఉండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలను అంటిపెట్టుకొని ప్రాకును.

పనిచేయువాని క్షేమము కూడ ఇందులోనిదే. రాగి గొట్టములను అతుకునపుడు లోపల నల్లని పొక్కు ఏర్పడకుండ నైట్రోజన్‌ను సన్నగా పారింతురు. పిదప గొట్టములలోని గాలిని, తేమను పంపుతో తీసి 500 మైక్రాన్ల వరకు శూన్యమును కల్పింతురు. మామూలు వాతావరణపు ఒత్తిడి 7,60,000 మైక్రాన్లని గుర్తించిన ఈ శూన్యము ఎంతటిదో తెలియును. మూసిన గదిలో నైట్రోజన్ ప్రాణవాయువును తరిమివేయగలదు. 2025 నుండి అమెరికాలో తయారగు నూతన గృహయంత్రములలో ఆర్-410ఎ స్థానమున ప్రవేశించిన ఆర్-32, ఆర్-454బి వాయువులు భూతాపమును తక్కువగా కలిగించునవే గాని, కొద్దిగా మండు స్వభావము గలవి, గాలికంటె బరువైనవి. కావున పెద్ద తలుపు తెరచియే పనిచేయవలెను.

ఇన్ని దారులును ఆ మూలలో ఇమడనిచో ఏమి చేయవలెను? మొదట వేడి లెక్క వేయవలెను. గోడలు, కిటికీలు, కప్పు, మనుష్యుల సంఖ్యనుబట్టి ఇంటి వేడిని గణించు పద్ధతి కలదు. అమెరికాలో దానిని మాన్యువల్ జె అందురు. పాత యంత్రము 4 టన్నులది గనుక క్రొత్తదియు 4 టన్నులదే కావలెనను నియమము లేదు. కప్పునకు ఉష్ణనిరోధక పొర వేసి, సందులు మూసినచో తక్కువ టన్నులే చాలవచ్చును. యంత్రము చిన్నదైనచో డక్టు, ఫిల్టరు, పైపు అన్నియు చిన్నవగును. అవసరమునకు మించిన యంత్రము కొద్ది నిమిషములలో చల్లబరచి ఆగిపోవును. తేమ మాత్రము గదిలోనే నిలుచును. అప్పటికిని చోటు చాలనిచో గ్యారేజీని విడిచి, గదిగదికి గోడ యంత్రములు పెట్టుట మేలు.

ఈ విషయము మన విద్యార్థులకు దూరమైనది కాదు. మన నగరములలోని అపార్టుమెంట్లయందు బయటి యంత్రములను మూసిన సందులలో, కారు షెడ్ల మూలలలో ఇరికించుట మనమును చూచుచున్నాము. ఐ.టి.ఐ.లలో శీతలీకరణ విద్య నేర్చి, హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోయి ఈ వృత్తితో కుటుంబములను పోషించుచున్న యువకులు ఎందరో కలరు. వారి పనిలోని మంచిచెడ్డలను పరుల ఇంటివారు కంటితో చూడలేరు. అతుకు వెనుక పూసిన పూతను ఎవరును తనిఖీ చేయరు. అయినను ఆ యింటివారు రాత్రి నిశ్చింతగా నిద్రించుట ఆ పూతమీదనే ఆధారపడియున్నది. కావున ఇరుకు స్థలమున మొదట గాలికి, నీటికి, వేడికి, మనుష్యునికి దారి విడిచి, మిగిలిన చోటనే యంత్రమును నిలుపవలెనని మా మనవి.