గుడివాడ ఫ్రెండు, తెనాలి ఫ్రెండు

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో మూడేళ్లకోసారి అట్టపెట్టెలు కట్టడం మామూలే. కొత్త ఊళ్లో పాలవాడు దొరికేలోపు పాత ఊరి పక్కింటావిడ పదిసార్లు గుర్తొస్తుంది. మరి ఊరూరా తిరగడమే బతుకుతెరువైన వాళ్ల మాటేమిటి? అదీ ఇంటిల్లిపాదీ కలిసి! ఈ మాట వస్తే నాకు సురభి నాటకాలవాళ్లే గుర్తొస్తారు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడించడంతో మొదలైంది ఆ సమాజం. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో వీళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. తాతయ్య, కోడలు, మనవడు అందరూ నటులే. తెరలు లాగేదీ, హార్మోనియం వాయించేదీ ఇంట్లోవాళ్లే. కృష్ణుడి కథలో చంటిపిల్లాడు కావాలంటే చంకలో ఉన్నవాడే!

నేను నాలుగో క్లాసులో ఉండగా మా ఊళ్లో డేరా వేశారు. ప్రహ్లాదుడి వేషం కట్టే అమ్మాయి మా బళ్లో చేరి నా పక్కనే కూర్చుంది. చెవుల వెనక రాత్రి పూసిన రంగు కాస్త మిగిలే ఉండేది. లెక్కల పీరియడ్‌లో కునుకు తీసేది. మాస్టారు కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

స్నేహితుల గురించి అడిగితే ‘గుడివాడ ఫ్రెండు, తెనాలి ఫ్రెండు’ అంటూ వేళ్లు మడిచేది. పేర్లుండేవి కావు, ఊళ్లే. ఆ లెక్కలో నేనూ ఒక వేలినవుతానేమోనని నాకు భలే ఉక్రోషంగా ఉండేది.

ఎన్నాళ్లుంటారో వాళ్లకే తెలీదు. టిక్కెట్లు తెగితే నెలలకొద్దీ ఉంటారు, జనం పలచబడితే మకాం ఎత్తేస్తారు. అందుకే వాన పడకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ‘మాయాబజార్‌’కి మూడుసార్లు తీసుకెళ్లమని నాన్నగారి ప్రాణం తీశాను. ఒక్క ఇంటి టిక్కెట్లతో డేరా నిలుస్తుందా?

వాళ్లమ్మ రాత్రి ద్రౌపది, పొద్దున్న మా నూతి దగ్గర బిందెతో. మా అమ్మకీ ఆవిడకీ ‘వదినగారూ’ అనుకునేంత చనువు. వెళ్లే ముందురోజు అమ్మ బొట్టు పెట్టి రవికెల గుడ్డ చేతిలో పెట్టింది.

“మళ్లీ ఎప్పుడొస్తారు వదినగారూ?”

“మీ ఊరివాళ్లు మమ్మల్ని మరిచిపోయాక! అప్పుడైతే మళ్లీ కొత్తగా చూస్తారు” అని నవ్విందావిడ. నవ్వుతూనే ఆ గుడ్డ కళ్లకద్దుకుంది.

తిరిగేవాళ్ల పిల్లలు పాపం ఒంటరివాళ్లని అందరూ జాలిపడతారు. నాకలా అనిపించదు. తెరల చుట్టల మీద అక్కలు, బావలు, పిన్ని పిల్లల మధ్య కూర్చుని చెయ్యూపుతూ వెళ్లింది ఆ పిల్ల. గుంజల గుంతలు మిగిలిన ఖాళీ స్థలంలో ఒంటరిగా నిలబడింది నేను. ఉత్తరం రాద్దామన్నా వాళ్లకి అడ్రసు ఏదీ? చదువు మాత్రం వాళ్ల పిల్లలకే నష్టం. ఏ బడిలోనూ పుస్తకం చివరి పాఠందాకా ఉండరు. ఆ బెంగ ఆడవాళ్లదే ఎక్కువ, అమ్మతో ఆవిడ చెప్పుకునేది కూడా అదే.

తర్వాత చాలా కుటుంబాలు హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడ్డాయి. ఆటకెళ్లి ఇంటికి తిరిగొస్తున్నారు. పిల్లలకి ఒకే బడి, ఏడాది పొడుగునా అదే బెంచీ.

టీవీలో సురభి పేరు వినబడితే చాలు, మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొస్తుంది. “మన ద్రౌపది వదినగారు కనపడ్డారా?” అంటుంది. ఆవిడ అసలు పేరు అమ్మకీ తెలీదు.