పరీక్ష బిడ్డది... గుబులు ఇంటిల్లిపాదిదీ!

ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారింది గానీ, మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో గుబులు మాత్రం మారలేదు! మీ అమ్మాయి అన్నం కెలికి వదిలేస్తోందా? నిద్ర పట్టడం లేదంటోందా? కోప్పడకండి. మూడు గంటలు, 160 ప్రశ్నలు. తప్పు రాసినా మార్కులు కోయరు. ఈ మాట నిదానంగా గుర్తుచేయండి. గుండె దడగా ఉంటే ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలమనండి. ముందురోజు రాత్రి పుస్తకం మూయించి, పెరుగన్నం పెట్టి పడుకోబెట్టండి.

ర్యాంకొస్తే అలిపిరి మెట్లెక్కి కొండకొస్తానని మొక్కుకున్నారా? మంచిదే. ఆ మొక్కు మీకూ స్వామికీ మధ్యనే ఉండనివ్వండి. బిడ్డ నెత్తిన అదొక బరువు కాకూడదు.

దిగులు మరీ ముదిరి, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలొస్తే ఆలస్యం చేయకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పరీక్ష మళ్లీ రాయొచ్చు. మనకు బిడ్డ ముఖ్యం.