ట్రంకు కాల్ అనగా నేమి?

‘ట్రంకు’ అనగా చెట్టు మాను. ఇంటింటికిని పోవు టెలిఫోను తీగలు కొమ్మలైనచో, ఒక ఊరి ఎక్స్ఛేంజిని మరియొక ఊరి ఎక్స్ఛేంజితో కలుపు మార్గము మాను వంటిది. ఆ మార్గమున సాగు దూరసంభాషణమే ట్రంకు కాల్.

నంబరును ఆపరేటరుకు చెప్పి ఒక్కొక్కప్పుడు గంటలకొలది వేచియుండవలసి వచ్చెడిది. మూడు నిమిషములకు ఇంత యని రుసుము; ‘అర్జంటు’ అన్నచో రెట్టింపు. అంత వ్యయము ఆపదకే గాని శుభవార్తకు చేయువారరుదు. కావుననే ఆ మాట వినగానే ఇంటిల్లిపాది గుండెలు ఝల్లుమనెడివి.

1960లో లక్నో, కాన్పూరుల నడుమ చందాదారులే నేరుగా నంబరు త్రిప్పుకొను ఎస్.టి.డి. ఆరంభమైనది. ఆ పద్ధతి వ్యాపించినకొలది ట్రంకు కాల్ మరుగైనది. పొరుగూరి నంబరుకు ముందు నొక్కెడి సున్నను మాత్రము సాంకేతికులు నేటికిని ‘ట్రంకు’ సంకేతమనియే అందురు.