కొయ్యగుర్రానికి కొండపల్లి వైద్యం

ఏలూరు: కొల్లేటి లంకల వారికి వరద కొత్త కాదు. నీరు వస్తున్నదనగానే బియ్యం బస్తాలు మంచాల మీదికి, పశువులు గట్టు మీదికి చేరుతాయి. బొమ్మల పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగినప్పుడు మా యింట జరిగింది కూడా అదే. నీరు తీసిన తర్వాత పెట్టె తెరిస్తే సంక్రాంతి కొలువు బొమ్మల్లో పచ్చిమట్టివి కరిగి ముద్దయినవి. కొయ్యగుర్రం మిగిలింది గాని ముందు కాళ్ళు రెండూ వూడినవి, తోక లేదు, ఒంటి మీది రంగు పెచ్చులుగా లేచింది.

అది కొండపల్లి గుర్రం. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, కొండపల్లి సమీపంగా వచ్చి, విజయవాడ అంచున సాగి కొల్లేటిలో కలుస్తుంది. ఆ యేడు గండ్లు పడిన చోటు కూడా కొండపల్లి ప్రాంతమే. అంటే గుర్రం పుట్టిన వూరి పక్కగా వచ్చిన నీరే వెతుక్కుంటూ వచ్చి దాని కాళ్ళు వూడదీసిందన్న మాట.

కాళ్ళు దొరికినవి కదా అని మొదట నేనే వైద్యానికి దిగాను. పంపు గొట్టాలకు పెట్టే ఎం-సీల్ రెండు ముద్దలూ కలిపి అతికించాను. రాయిలా బిగిసింది. మూడో రోజున పిల్లలు పట్టుకుంటే కాలు మళ్ళీ చేతికొచ్చింది. ఎం-సీల్‌లో లోపమేమీ లేదు. అది పట్టుకున్నది కొయ్యను కాదు, కొయ్య మీది సుద్ద పూతను. నానిన సుద్ద పొరతో సహా వూడి వచ్చింది. యీ విషయం కొండపల్లి వెళ్ళిన తర్వాతగాని నాకు తెలియలేదు.

మక్కు మహిమ

కొండపల్లి బొమ్మ ఒకే దుంగలో చెక్కింది కాదు. మొండెం ఒకటి, కాళ్ళు, చెవులు, తోక వేరే. తెల్లపొణికి అనే మెత్తని, తేలికైన కొయ్యను నెమ్మదిగా సెగ మీద ఆరబెట్టి తేమ తీసివేస్తారు. బాడిసతో ఆకారం తెచ్చి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. ముక్కలను అతికేది మక్కు. చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేసిన ముద్ద అది. గుర్రం మెడ వంపు, కండ, ముక్కుపుటాలు చాలావరకు యీ మక్కుతోనే దిద్దుతారు. ఆరిన తర్వాత సుద్ద పూసి, ఆ పైన రంగులు వేస్తారు. సన్నని గీతలకు మేక వెంట్రుకల కుంచె వాడే అలవాటు పూర్వం నుంచీ వున్నది.

చింతగింజ జిగురుకు నీరు శత్రువు. అందువల్లనే మా గుర్రం అతుకుల దగ్గర విడిపోయింది. అయితే అదే దాని అదృష్టం కూడా. కొయ్య విరగలేదు గనుక కాళ్ళు కాళ్ళుగానే మిగిలినవి. కొత్త మక్కు పెడితే పాత చోటనే కూర్చుంటాయి. ముందుగా నా ఎం-సీల్ గోకవలసి వచ్చింది. కాళ్ళు అతకడానికి పట్టిన సమయం కంటె నా వైద్యం వదిలించడానికి పట్టిన సమయమే ఎక్కువ!

పోలిక కోసం ఏటికొప్పాక చెప్పుకోవాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున వున్న ఆ వూరివారు అంకుడు కర్రను చిత్రిక పట్టి లక్క రంగులు ఎక్కిస్తారు. లక్క నీటికి అంత సులువుగా లొంగదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. చెట్ల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కాని చిత్రిక మీద తిరిగే బొమ్మకు గుండ్రదనమే అందం. నరాలు తేలిన గుర్రపు కాలు కావాలంటే బాడిస, మక్కు వుండవలసిందే.

సముద్రాల అవతల

యీ పనినే అమెరికాలో వేలాదిమంది ఒక సరదాగా, కొందరు జీవనోపాధిగా చేస్తున్నారంటే ఆశ్చర్యం కలుగుతుంది. బ్రేయర్ అనే ప్లాస్టిక్ కంపెనీ 1950లో ఒక గడియారం పక్కన నిలబెట్టేందుకు గుర్రం బొమ్మ పోసి యిచ్చింది. గడియారం కంటె గుర్రమే కావాలని జనం అడగటంతో ఆ కంపెనీ గుర్రాల కంపెనీ అయిపోయింది. పెద్ద రకం బొమ్మలు అసలు గుర్రంలో తొమ్మిదో వంతు. కెంటకీ రాష్ట్రంలో 1990 నుంచి వీటికొక తిరునాళ్ళే జరుగుతున్నది.

అక్కడి చిత్రకారులు కంపెనీ గుర్రాన్ని కొని రంపంతో కాలు కోస్తారు. వేడి చూపి మెడ వంచుతారు. లోపల తీగ పెట్టి, ఎం-సీల్ జాతి ముద్దతోనే కొత్త కండ పోస్తారు. పలచని రంగులు పొరమీద పొరగా వేసి, మేకబొచ్చుతో జూలు, తోక అతికిస్తారు. నిలబడి వున్న గుర్రం దౌడు తీసే గుర్రమవుతుంది. ఆ తర్వాత పోటీకి పెడతారు. న్యాయనిర్ణేత గిట్టల దగ్గర నుంచి పరీక్షించి బహుమతి యిస్తాడు.

వారికున్న సదుపాయం ఒకటుంది. చూసి వేయడానికి ఎదురుగా గుర్రాలున్నవి. మనకు అది పోయింది. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో రైలు దిగితే జట్కాలు కనిపించే రోజులు నా యీడు వారికి జ్ఞాపకమే. యిప్పటి పిల్లలు గుర్రాన్ని చూసేది పెళ్ళి వూరేగింపులోనో, స్వామివారి అశ్వవాహనం మీదనో.

మా మనుమరాలు ఫోన్‌లో ఆ అమెరికా గుర్రాలను చూసి, మన గుర్రానికి నాలుగు కాళ్ళకూ తెల్లమేజోళ్ళు, ముఖాన తెల్లచుక్క కావాలన్నది. పంచకల్యాణి అన్నమాట. మన పెద్దలు కథల్లో చెప్పే శుభలక్షణాల గుర్రం అది. కెంటకీ నుంచి తిరిగి వచ్చినా అది మనదే! అమ్మ మాత్రం పాత ఎర్రరంగు మార్చడానికి వీల్లేదని పట్టుబట్టింది. చివరకు ఒళ్ళు పాత ఎరుపు, కాళ్ళు తెలుపు అని రాజీ కుదిరింది. కొండపల్లి పనివారికి యిటువంటి తగవులు మామూలేనట. కొన్నవారి యిష్టానికి రంగు మార్చడం వారికి కొత్త కాదు.

కొత్త సమస్య కొయ్యది. తెల్లపొణికి కొండల చెట్టు, మన నల్లరేగడిలో బ్రతికేది కాదు. ఒకప్పుడు కొండపల్లి కొండల్లో చేతికందేది, యిప్పుడు దూరం పోయి వెతకవలసి వస్తున్నది. వేరే కొయ్య వాడవచ్చుగదా అనేవారు ఒకసారి ఆ బొమ్మను చేత పట్టి చూడాలి. ఆ తేలికదనం, బాడిసకు లొంగే గుణం అన్ని కొయ్యలకూ రావు. కొయ్య కరువై, పిల్లలు వేరే పనులకు పోతే బాగుచేసే చేయి కూడా వుండదు. పాత బొమ్మలున్న యిళ్ళవారు యీ సంగతి గమనించాలి.

అటకమీద విరిగిన బొమ్మ వుంటే కడగవద్దు. వూడిన ముక్క ఎంత చిన్నదైనా పారేయకుండా గుడ్డలో కట్టి వుంచాలి. ఎం-సీల్ జోలికి పోవద్దు. ఏలూరు నుంచి బెజవాడ, అక్కడి నుంచి కాజీపేట వైపు రైలు మార్గంలోనే కొండపల్లి స్టేషను. పనివారుండే చోటును బొమ్మల కాలనీ అంటారు. సంక్రాంతికి ముందు వారికి తీరిక వుండదు గనుక వేసవిలో వెళ్ళడం మేలు.

మా గుర్రం 2025 సంక్రాంతి కొలువులో మూడో మెట్టు మీద నిలిచింది. కుడి ముందు కాలు రవ్వంత పొట్టి. కింద మడతపెట్టిన కాగితం ముక్క పెట్టాము.