గోడలో దాగిన చెమ్మ

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌లోని ఇండ్లను ముంచెత్తినది. అట్లు మునిగిన ఇంట నీరు తీసిన పిదప నేల త్వరలోనే ఆరును. గోడ సంగతి వేరు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక నీటిని పైకి పీల్చును. కావున వరద గుర్తుకు పైన గూడ చెమ్మ దాగియుండును. ఒకటి రెండు దినములలోనే బీరువా వెనుక, పరుపులలో, పుస్తకముల నడుమ బూజు పుట్టగలదు. గాలిలో తేలు దాని సూక్ష్మరేణువులు ఉబ్బసము గలవారిని బాధించును.

తడిగోడకు రంగు పూసినచో చెమ్మ లోపలనే నిలిచిపోవును. ముందుగా ప్లాస్టిక్ కాగితమును గోడకు పరచి, నాలుగంచులను టేపుతో మూసి, మరునాడు చూడవలెను. గోడవైపున నీటిబొట్లు కనిపించినచో కిటికీలు తెరచి, సామాను గోడకు ఎడముగా జరిపి, మరికొన్నాళ్లు ఆగవలెను. పండుగలోపు రంగు వేయవలెనను తొందర ఆ ఇంటి పిల్లల ఊపిరికి చేటు.