మేళ్లచెరువు దుకాణానికి గిరాకీ ఎన్ని కిలోమీటర్ల నుంచి వస్తుంది?

మహాశివరాత్రికి తెలంగాణలోని మన మేళ్లచెరువు వేరే ఊరైపోతుంది. స్వయంభువు శంభులింగేశ్వరస్వామి సన్నిధికి ప్రభలు కదులుతాయి, ఎడ్ల పందేలకు బండలు సిద్ధమవుతాయి, కోదాడ, హుజూర్‌నగర్ దారుల్లో జనం పోటెత్తుతారు. 2025లో ఆ పండుగ ఫిబ్రవరి 26న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 15న. జాతర ఉన్నన్నాళ్లు బొమ్మల కొట్టు నుంచి టిఫిన్ బండి దాకా ఎవరూ ప్రకటన ఇవ్వక్కర్లేదు. గిరాకీ తనంత తానే నడిచొస్తుంది.

మిగిలిన 350 రోజుల సంగతే కష్టం. బట్టల కొట్టుకో, హార్డ్‌వేర్ షాపుకో, బ్యూటీ పార్లర్‌కో ఇప్పుడు ఫోన్లు వస్తున్నాయి: "నెలకు ఇంత కట్టండి, మీ పేజీకి వేల లైకులు తెస్తాం, గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతాం" అని. కట్టాలా, వద్దా? ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్ చదువులో లేదు. దుకాణదారుడికి బాగా తెలిసిన రెండు లెక్కల్లో ఉంది. ఒకటి దూరం, రెండోది లాభం.

దూరంతో మొదలుపెడదాం. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటన పెట్టేటప్పుడు మ్యాప్ మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ ఎన్ని కిలోమీటర్ల వరకు కనిపించాలో చెప్పాలి. చాలామంది ఇక్కడ ఎంత పెద్ద అంకె ఉంటే అంత మేలనుకుంటారు. బడిలో చదివిన వృత్త వైశాల్యం గుర్తు తెచ్చుకోండి. చుట్టూ 10 కిలోమీటర్లంటే 314 చదరపు కిలోమీటర్లు. 20 అంటే 1,257. 40 అంటే 5,027. దూరం 4 రెట్లు పెరిగితే నేల 16 రెట్లు పెరుగుతుంది, మీ జేబులో డబ్బు మాత్రం అంతే ఉంటుంది. ప్రకటనకు 2,000 రూపాయలు పెట్టారనుకోండి. 10 కిలోమీటర్ల చుట్టులో చదరపు కిలోమీటరుకు 6 రూపాయల 37 పైసలు పడతాయి. 40 కిలోమీటర్ల చుట్టులో పడేది 40 పైసలే. పెద్ద పొలానికి చిన్న బిందెతో నీళ్లు పెట్టినట్టే.

ఆ 40 కిలోమీటర్ల చుట్టులో ఏమేం పడతాయో చూడండి. ఉత్తరాన కోదాడ, వాయవ్యంగా హుజూర్‌నగర్, పడమటి అంచున మిర్యాలగూడ, తూర్పున జగ్గయ్యపేట, దక్షిణాన కృష్ణ అవతలి పల్నాడు ఊళ్లు. మిర్యాలగూడలో బట్టల షాపులకు కొదువ లేదు. అక్కడి మనిషి మేళ్లచెరువు కొట్టు రీల్ చూసి లైకు కొడతాడు, చీర మాత్రం తన వీధిలోనే కొంటాడు. ఆ లైకుకు డబ్బు కట్టింది మీరు.

అందుకే ప్రకటన పెట్టేముందు ఒక పని చేయాలి. గత నెలలో బిల్లు చేసిన వాళ్లలో 50 మందిని గుర్తు చేసుకుని, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో ఒక కాగితం మీద రాయండి. ఆ 50లో 40 మంది ఎంత దూరంలోపు ఉన్నారో, అదే మీ చుట్టు. కిరాణా కొట్టుకు అది ఊరు దాటకపోవచ్చు. ట్రాక్టర్ మెకానిక్ చేతికి పేరుంటే పక్క మండలాలు కూడా అందులోకి వస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లు సంగతి పూర్తిగా వేరు. దాని కొనుగోలుదారు ఏ రాష్ట్రంలోనైనా ఉండొచ్చు, కాబట్టి 1996లో మొదలైన ఇండియామార్ట్ లాంటి టోకు వేదికల మీద మిల్లు వివరాలుంటే పనికొస్తుంది. వాళ్లకు రీల్స్‌తో పెద్ద పని లేదు.

మన ప్రాంతానికి దూరంతోపాటు ఇంకో చిక్కుంది: సరిహద్దు. విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ దాటి కాసేపు వెళితే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. ఫోన్ తెరకు ఆ గీత కనిపించదు. పన్ను చట్టానికి కనిపిస్తుంది. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్. తెలంగాణలో 20 లక్షలే. 2019లో చాలా రాష్ట్రాలకు పరిమితి పెరిగినా తెలంగాణ పాత అంకె దగ్గరే ఆగింది. అంటే జగ్గయ్యపేటలో 30 లక్షల వ్యాపారం చేసే కిరాణా కొట్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కోదాడలో అంతే వ్యాపారం చేసే కొట్టుకు తప్పదు.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి. టర్నోవర్ 20 లక్షల లోపే ఉన్నా, ఇక్కడి నుంచి సరుకు పార్సిల్ కట్టి పక్క రాష్ట్రంలోని కొనుగోలుదారుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది కానీ, మామూలు సరుకుకు మొదటి పార్సిల్ నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పథకంలో చేరినవాళ్లు అంతర్రాష్ట్ర అమ్మకం చేయనే కూడదు. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారులు రిజిస్ట్రేషన్ లేకుండా, ఒక నమోదు నంబరు తీసుకుని ఈ-కామర్స్ వేదికల మీద అమ్ముకునే వీలు కల్పించారు. అదీ సొంత రాష్ట్రం లోపలికే. పచ్చళ్లు, పొడులు, చీరలు వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని విజయవాడకు, గుంటూరుకు పంపే ఆడవాళ్లు మన వైపు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఒక్క పూట పన్ను సలహాదారు దగ్గర కూర్చుంటే తేలిపోయే విషయమిది.

ఇక పనిముట్ల సంగతి. అందులో మొట్టమొదటిది పైసా ఖర్చు లేనిది: గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు. దీన్నే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు. 2021 నవంబర్ దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు. దగ్గర్లోని షాపుల కోసం వెతికినప్పుడు ఏది ముందు చూపించాలో మూడు విషయాలు చూసి తేలుస్తామని గూగులే చెబుతోంది: అడిగినదానికి ఆ షాపు ఎంతవరకు సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. ఈ మూడింటిలో దేన్నీ గూగుల్‌కు డబ్బు కట్టి కొనలేం. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్ కోసం ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఫోన్‌కు వచ్చిన కోడ్ నంబరు అసలే చెప్పకండి. ఆ ఒక్క నంబరుతో మీ షాపు పేజీ వాళ్ల చేతికి పోతుంది.

పేరు రాయడంలోనే మన ఊరికి ఒక ఇబ్బంది. మేళ్లచెరువు, మేళ్ళచెరువు, మెళ్లచెరువు అని తెలుగులోనే మూడు రకాలుగా రాస్తున్నాం. ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకెన్ని రకాలో. వెతికేవాడు ఏ రూపం కొడతాడో తెలియదు కాబట్టి దుకాణం వివరణలో రెండు మూడు రూపాలూ, దగ్గరి గుర్తూ రాయండి: గుడి వీధి, బస్టాండ్, ఫ్యాక్టరీ రోడ్డు. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊరు మనది. పని కోసం బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు దారి చెప్పే మేనమామ ఎవరూ ఉండరు, వాళ్లు అడిగేది మ్యాప్‌నే. హిందీలో కూడా రెండు ముక్కలు రాసిన దుకాణం వాళ్ల కంట ముందు పడుతుంది.

రివ్యూల మీద ఒక మాట. బంధువుల చేత 30 నకిలీ పొగడ్తలు రాయించడం చాలామందికి తెలివనిపిస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదారి పట్టించే ప్రకటనలకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చంటోంది. అంత పెద్ద జరిమానా మన వీధి దాకా వస్తుందా అన్నది పక్కనపెట్టండి. చిన్న ఊళ్లో ఎవరి బావమరిది ఏం రాశాడో నాలుగు రోజుల్లో అందరికీ తెలుస్తుంది. నిజమైన గిరాకీని "అన్నా, బాగుంటే రెండు మాటలు రాయండి" అని అడిగితే చాలు, నెలకు ఐదుగురు రాసినా ఏడాదికి 60.

ఇప్పుడు వాట్సాప్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన దగ్గర అమ్మకం నిజంగా నడిచేది ఇక్కడే. ఫోన్లు రాకముందే మన దుకాణదారుడి దగ్గర ఖాతాదారుల జాబితా ఉంది. దాని పేరు ఉద్దెర పుస్తకం. ఎవరు, ఏ ఊరు, ఏం కొంటారు, పంట డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. పట్నం కంపెనీలు కోట్లు పెట్టి పోగుచేసే సమాచారం ఇదే. 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఆ పుస్తకానికి కొత్త అట్ట లాంటిది. దుకాణం వేళలు, చిరునామా పెట్టుకోవచ్చు. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా ఫొటో, ధరతో చూపించొచ్చు. "ఉద్దెర", "కొత్త స్టాక్ అడిగారు", "పెళ్లి ఆర్డర్" అంటూ ఒక్కో ఖాతాదారు పేరు మీద లేబుల్ అంటించుకోవచ్చు.

ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది పడతారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. 256 మందిలో 90 మందే సేవ్ చేసుకుని ఉంటే మీరు మాట్లాడుతున్నది 90 మందితోనే. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకో అక్కా, కొత్త రకాలు వస్తే ఫొటోలు పెడతా" అని అడగడం ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి బూస్ట్ బటన్ నొక్కడం కంటే విలువైన పని. అడిగితే ఇంకో మేలూ జరుగుతుంది: ఆమె ఒప్పుకున్నట్టు అవుతుంది. ఉద్దెర కోసం ఇచ్చిన నంబరుకు రోజూ ఆఫర్లు పంపడం మర్యాద కాదు. మనిషి వివరాలు అతని అనుమతితోనే వాడాలని 2023లో చట్టమూ వచ్చింది.

గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కానీ అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే కొట్టు ఆ పని చేయకూడదని నా అభిప్రాయం. 2023 సెప్టెంబర్‌లో మన దేశంలో మొదలైన వాట్సాప్ ఛానెల్‌లో ఆ బెడద లేదు, ఒకరి నంబరు మరొకరికి కనిపించదు.

డబ్బు పెట్టే ప్రకటన ఆఖరిది. ఇక్కడ అమ్మకాన్ని చూసి మురిసిపోతే దెబ్బతింటాం. ఒక బట్టల కొట్టు లెక్క ఊహించుకుందాం. సగటు బిల్లు 800 రూపాయలు, అందులో మిగిలేది పావు వంతు, అంటే 200. ప్రకటనకు 2,000 పెట్టారు, దాని మీద 18 శాతం జీఎస్టీ 360, మొత్తం 2,360. ముగ్గురు కొత్తవాళ్లు వస్తే 2,400 రూపాయల బిల్లు అవుతుంది, డబ్బు తిరిగొచ్చినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ ముగ్గురి మీద మిగిలింది 600. చేతిలోంచి 1,760 పోయాయి. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 12 మంది కొత్తవాళ్లు రావాలి. మామూలు జీఎస్టీలో ఉన్నవాళ్లకు ఆ 360 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి 10 మంది చాలు. కాంపోజిషన్ వాళ్లకు రాదు.

అదే కొత్త గిరాకీ ఏడాదికి నాలుగుసార్లు వచ్చేలా నిలుపుకుంటే ఒక్కొక్కరి మీద 800 మిగులుతుంది. అప్పుడు ముగ్గురితోనే లెక్క సరిపోతుంది. ప్రకటన మనిషిని గుమ్మం దాకా తెస్తుంది, రెండోసారి రప్పించేది వాట్సాప్ జాబితా, మీ మాటతీరు, సరుకు. జాబితా లేకుండా ప్రకటన ఇవ్వడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ప్రకటన పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. క్యాష్ కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టండి. కొత్త ముఖం కనిపిస్తే "మా కొట్టు ఎట్లా తెలిసింది?" అని అడిగి ఒక గీత గీయండి: మ్యాప్, వాట్సాప్, ఫ్లెక్సీ, తెలిసినవాళ్లు. 30 రోజుల తర్వాత ఆ గీతలు లెక్కపెడితే వచ్చే నెల డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. లైకుల సంఖ్య ఆ నోట్‌బుక్‌లోకి రానక్కర్లేదు.

పెట్టిన వివరాలు పాతబడకుండా చూసుకోవడం మరో పని. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను ముందు 300 రూపాయలున్న బస్తా 384 నుంచి 354కి దిగినట్టు, బస్తాకు 30 తేడా. ఇల్లు కట్టుకునేవాడు 400 బస్తాలు కొంటే 12,000 రూపాయలు. అలాంటప్పుడు డీలర్ కేటలాగ్‌లో పాత ధర అలాగే ఉంటే గిరాకీ ఫోన్ కూడా చేయకుండా పక్క షాపుకు పోతాడు. సిమెంటు పుట్టే ఊళ్లో ఆ తప్పు అసలే జరగకూడదు.

ఈ రోజే మీ ఫోన్ తీసి, కొత్తవాడు వెతికినట్టు మీ దుకాణం పేరు వెతకండి. నంబరు పాతదైనా, వేళలు తప్పైనా, చుక్క పక్క వీధిలో ఉన్నా, ఏ ప్రకటనకూ రూపాయి కట్టకముందే దాన్ని సరిచేయండి.